పెళ్ళాంతో చెప్పి వెళ్ళిన మాట

సినిమాలు చూసి చూసి మనందరికీ కోర్టంటే ఒక బొమ్మ మనసులో స్థిరపడిపోయింది. బోనులో హీరో తల వంచుకుని నించుంటాడు. జడ్జిగారు కళ్ళజోడు సర్దుకుని తీర్పు చదవబోతూంటారు. సరిగ్గా ఆ క్షణానికి వెనక తలుపు దభాలున తెరుచుకుంటుంది. చెల్లెలో, తల్లో "ఆగండి!" అని కేక వేస్తూ పరుగెత్తుకొస్తుంది. ఆవిడ చెప్పిన నాలుగు ముక్కలతో కేసు కాస్తా తలకిందులవుతుంది. హాల్లో మనం కొంగుతో కళ్ళు తుడుచుకుంటాం.

అప్పీలు కోర్టులో మాత్రం ఈ సీను నడవదు. అక్కడ సాక్షుల బోనుకి పనే లేదు. పరుగెత్తుకొచ్చినా ఆవిణ్ణి నోరు విప్పనిచ్చే నాథుడుండడు. అక్కడుండేదల్లా కాగితాల కట్ట. కింది కోర్టులో ఎవరేం చెప్పారు, ఎవరు ఏ దస్తావేజు దాఖలు చేశారు, దాని మీద ఆ జడ్జిగారు ఏమన్నారు - అంతే. కొత్త సాక్ష్యం తెస్తామంటే, చూపించమన్న కాగితాన్ని కింది కోర్టు అన్యాయంగా తోసిపుచ్చిందనో, ఎంత ప్రయత్నించినా అప్పట్లో అది దొరకలేదనో, ఇలాంటి కొద్దిపాటి కారణాలుంటే తప్ప ఒప్పుకోరు. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో దీనికి ప్రత్యేకంగా ఒక నిబంధనే ఉంది.

బి.ఏ.లో చరిత్ర, తెలుగు చదువుకుని, నవలలు రాసుకుంటూ కాలక్షేపం చేసే నాకు ఈ కోర్టుల గొడవ ఎందుకొచ్చిందంటారా? నవల వల్లే వచ్చింది. అందులో ఒక మొగుడు "ఫలానా వాళ్ళింటికి వెళ్ళొస్తానే" అని పెళ్ళాంతో చెప్పి బయల్దేరతాడు. మళ్ళీ తిరిగి రాడు. ఆ పిల్ల కోర్టుకెక్కి ఆ మాట చెబితే చెల్లుతుందా, చెల్లదా? కథ అంతా దాని మీదే ఆధారపడింది. కాకినాడలో మా మేనమామ కొడుకు ప్లీడరు. ఫోను చేసి అడిగాను.

"మామూలుగా అయితే చెల్లదు. విన్న మాట సాక్ష్యం కాదు. అన్నవాడే వచ్చి చెప్పాలి" అన్నాడు మా బావ.

"అన్నవాడు చచ్చిపోతే ఎలా వస్తాడు బావా?"

"అదీ పాయింటు! ఏమే, ఇంతకాలం నవలలు రాస్తూ పిఠాపురం కేసు గురించి వినలేదూ? మన పక్కూరే కదే!" అని నవ్వి, ఆ వారమే ఓ పాత లా రిపోర్టులో తీర్పు జిరాక్సు తీయించి పంపాడు.

ఇంగ్లీషు తీర్పులు చదవడం నాకు అలవాటు లేదు. డిక్షనరీ పక్కన పెట్టుకుని కూచున్నాను. రెండు పేజీలు తిరిగేసరికి పొయ్యి మీద పాలు పెట్టిన సంగతి మర్చిపోయాను.

ఆ తీర్పు 1939 జనవరి 19న లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ ఇచ్చింది. రాసినవారు లార్డ్ అట్కిన్. కథ మాత్రం మన పిఠాపురంలో మొదలవుతుంది. నూకరాజు అనే అతను పిఠాపురం దివాను గారి దగ్గర ప్యూనుగా పనిచేసినవాడు. దివాను గారి అల్లుడి పేరు పాకాల నారాయణస్వామి. ఆ భార్యాభర్తలకు డబ్బు అవసరమై, భార్య 1936లో నూకరాజు దగ్గర పలు దఫాలుగా మూడు వేల రూపాయలు అప్పు తీసుకుంది. వడ్డీ నూటికి 18. ప్యూను దగ్గర దివాను గారి కూతురు అప్పు చేయడమేమిటని నేనూ ఆశ్చర్యపోయాను. ఆవిడ సంతకాలున్న ఉత్తరాలూ చీటీలూ సుమారు యాభై తరువాత నూకరాజు ఇంట్లో దొరికాయి.

1937 మార్చి 20, శనివారం. నూకరాజుకి ఒక ఉత్తరం వచ్చింది. దాని మీద సంతకం లేదు. ఆ ఉత్తరం అతను భార్యకి చూపించాడు. బరంపురం నుంచి ఆ అమ్మగారు రాసిందనీ, వచ్చి బాకీ సొమ్ము పట్టుకుపొమ్మందనీ, తాను వెళ్తున్నాననీ చెప్పాడు. మర్నాడు ఆదివారం రైలెక్కాడు. మంగళవారం నాడు పూరీలో, రైలు మూడో తరగతి పెట్టెలో ఎవరూ తీసుకోని ఉక్కు ట్రంకు పెట్టె ఒకటి కనిపించింది. అందులో ఏముందో నేను వర్ణించను. మీరు భోజనాల వేళ చదువుతూ ఉండవచ్చు.

కేసు బరంపురంలో నడిచింది. ఒరిస్సాకి అప్పటికింకా సొంత హైకోర్టు లేదు కనుక అప్పీలు పాట్నా వెళ్ళింది. అక్కణ్ణుంచి లండన్‌కి. అప్పట్లో మన దేశంలోని ఏ తగువుకైనా ఆఖరి మెట్టు ఆ ప్రివీ కౌన్సిలే. 1949లో మనం ఆ మెట్టు తీసేశాం.

లండన్‌లో ఆ పెద్దల ముందుకు వచ్చిన ప్రశ్నల్లో రెండు నన్ను పట్టుకున్నాయి. నూకరాజు తన భార్యతో ఇంట్లో అన్న మాట సాక్ష్యమవుతుందా అన్నది ఒకటి. అరెస్టు కాకముందు నారాయణస్వామి పోలీసులతో చెప్పిన మాట సాక్ష్యమవుతుందా అన్నది రెండోది. నూకరాజు తమ ఇంటికి వచ్చాడనీ, రాత్రి అక్కడే పడుకున్నాడనీ, మర్నాడు సాయంకాలం రైలుకి వెళ్ళిపోయాడనీ అతను పోలీసులకు చెప్పి ఉన్నాడు.

మీరూ నేనూ అయితే ఏమంటాం? పోలీసుల దగ్గర చెప్పినదానికే బరువెక్కువ అంటాం. వంటింటి గుమ్మం దగ్గర మొగుడూ పెళ్ళాం అనుకున్న మాటకి కోర్టులో విలువేమిటీ అంటాం. లార్డ్ అట్కిన్ సరిగ్గా దానికి తలకిందులుగా చెప్పారు. పోలీసుకి చెప్పినది చెల్లలేదు. పెళ్ళాంతో చెప్పినది చెల్లింది!

కారణాలు చూడండి. దర్యాప్తులో పోలీసులకి ఎవరు చెప్పిన మాటనైనా విచారణలో సాక్ష్యంగా వాడుకోరాదని అప్పటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 162వ సెక్షను చెప్పేది. కోర్టు అనుమతించే అవసరాలు కొన్ని ఉన్నాయనుకోండి. 'ఎవరు' అన్న మాటలో తరువాత ముద్దాయి అయినవాడు కూడా చేరతాడా? చేరతాడు అన్నారు. కనుక ఆ వాంగ్మూలం పక్కకి పోయింది. భార్య మాటకి సాక్ష్య చట్టం 32వ సెక్షను అడ్డం పడి కాపాడింది. చనిపోయినవాడు తన చావుకి కారణం గురించి గాని, ఆ చావుకి దారితీసిన పరిస్థితుల గురించి గాని చెప్పిన మాటని విన్నవారు చెప్పవచ్చు. ఇంగ్లండులో అయితే, తాను చావబోతున్నానని తెలిసి చెప్పిన మాటే చెల్లుతుంది. నూకరాజు వడ్డీతో సహా డబ్బొస్తుందని సంబరంగా రైలెక్కాడే గాని చావు సంగతి అతనికేం తెలుసు? మన చట్టంలో ఆ షరతు లేదు. తాను ఎక్కడికి వెళ్తున్నాడో, ఎవరు రమ్మంటే వెళ్తున్నాడో చెప్పడం ఆ పరిస్థితుల్లో భాగమే అన్నారు. అయితే ఒక హద్దు కూడా గీశారు. "నాకు వాళ్ళంటే భయంగా ఉంది" అని ఎప్పుడో ఊరికే అన్న మాట చాలదు; అన్న మాటకీ జరిగినదానికీ దగ్గర సంబంధం ఉండాలి.

పోలీసు వాంగ్మూలం తీసేశాక మిగిలిన సాక్ష్యం చాలునా అని చూశారు. చాలునని అప్పీలు కొట్టేశారు. అప్పీలు కోర్టు పని నాకు అప్పుడే అర్థమైంది. మనం చేటలో బియ్యం పోసి రాళ్ళు ఏరతామే, అదే పని. ఏరినదాన్ని అవతల పారేసి, మిగిలినవి ఎసట్లోకి చాలతాయా, చాలవా అని చూడటం.

అన్నట్టు, ఆ తీర్పు చదివిన నాటినుంచి మా వారు "వెళ్ళొస్తా" అంటే నేను ఊరుకోవడం లేదు. ఎక్కడికి, ఎవరు రమ్మన్నారు, ఏ పని మీద - అన్నీ కనుక్కుంటున్నాను. "నీ ధోరణి నాకు నచ్చడం లేదు" అంటున్నారాయన.

హాస్యానికేం గాని, ఆలోచించండి. ఆ భార్య కింది కోర్టులో బోనెక్కి, అంతమంది మగవాళ్ళ మధ్య, పెద్దింటి వాళ్ళ మీద ఆ నాలుగు మాటలూ చెప్పింది. ఎవరో రాసుకున్నారు. ఆ కాగితమే పాట్నా వెళ్ళింది, సముద్రం దాటింది. "నాకెందుకొచ్చిన గొడవ" అని ఆవిడ ఆ రోజు ఊరుకుని ఉంటే లండన్‌లో చర్చకి మాటే ఉండేది కాదు. పై కోర్టు ఎంత గొప్పదైనా, కింద పలకని మాటని అది వినలేదు.

కింద పలికిన మనిషి ముఖాన్ని కూడా చూడలేదు. ఆ సంగతి వాళ్ళకీ తెలుసు. 1934లో షియో స్వరూప్ అనే కేసులో ఇదే ప్రివీ కౌన్సిల్ కింది కోర్టు వదిలేసిన ముద్దాయిల మీద అప్పీలు వస్తే ఏం చేయాలో చెప్పింది. పై కోర్టు సాక్ష్యమంతా మళ్ళీ తూచవచ్చు. కాని సాక్షుల్ని కళ్ళారా చూసిన జడ్జి అభిప్రాయాన్ని తేలిగ్గా తీసెయ్యకూడదు, ముద్దాయి నిర్దోషి అన్న ఊహనీ, అనుమానం ఉంటే దాని ఫలితం అతనికే దక్కాలన్న సంగతినీ మరవకూడదు అంది. మనం పెళ్ళిచూపులకి ఫోటో చూసి ఒక మాట, పిల్లని చూసి ఒక మాట అనుకుంటామా లేదా? ఫోటో మాత్రమే చూసినవాళ్ళు కాస్త ఒళ్ళు దగ్గర పెట్టుకుని మాట్లాడాలన్నమాట.

మరి మాట కోర్టులోకి వస్తే చాలు, గెలిచినట్టేనా? కాదు. 1982లో పుణేలో ఒక కొత్త కోడలు పెళ్ళయిన నాలుగు నెలలకి విషంతో మరణించింది. అత్తింట్లో తన బతుకెలా ఉందో అక్కచెల్లెలికీ స్నేహితురాలికీ ఉత్తరాలు రాసింది. కింది కోర్టు భర్తకి ఉరిశిక్ష వేసింది. బొంబాయి హైకోర్టు ఖాయం చేసింది. 1984లో సుప్రీం కోర్టు ఏమందంటే - ఈ ఉత్తరాలు సాక్ష్యంగా చెల్లుతాయి, మన 32వ సెక్షను హత్యకే కాదు, ఆత్మహత్యకీ వర్తిస్తుంది, బరంపురం ప్రయాణం నాటి సూత్రమే ఇక్కడా. కాని అందరి సాక్ష్యమూ, ఉత్తరాలతో సహా, కలిపి చూస్తే హత్య అని నిస్సందేహంగా తేలడం లేదు. ఆత్మహత్య కావడానికీ వీలుంది. కనుక శిక్ష కొట్టేశారు. గొలుసులో ప్రతి లంకె గట్టిగా ఉండాలనీ, ముద్దాయి దోషి అనడం తప్ప ఇంకే అర్థమూ రాకూడదనీ ఆ తీర్పు చెప్పిన అయిదు సూత్రాలు ఆ తరువాత ఎన్నో తీర్పుల్లో కనిపిస్తాయి.

చదివినప్పుడు నాకు నిద్ర పట్టలేదు. ఆ పిల్ల రాసిన ఉత్తరాలకి తలుపు తెరిచారు, కూచోబెట్టారు, శ్రద్ధగా విన్నారు. చివరికి ఇది చాలదన్నారు. బావతో అంటే, "ఉరి వేశాక మళ్ళీ దింపలేం కదే" అన్నాడు. అదీ నిజమే. రెండు నిజాలు పక్కపక్కనే కూచుంటే మన మనసు ఎంత అవస్థ పడుతుందో, ఆ పెద్దలు రోజూ ఆ అవస్థలోనే ఉంటారు కాబోలు.

ఈ 32వ సెక్షను ఇప్పుడా నంబరుతో లేదు. 2024 జూలై 1 నుంచి పాత సాక్ష్య చట్టం పోయి భారతీయ సాక్ష్య అధినియమం వచ్చింది. అందులో అది 26వ సెక్షను. ఇల్లు మారింది గాని సామాను అదే.

సరే, ఇదంతా చావుల మాట. దేవుడి దయవల్ల మనలో చాలామందికి ఆ అవసరం రాదు. పొలం గొడవ, ఇంటి వాటా గొడవ రాని కుటుంబం మాత్రం ఏదో చెప్పండి! ఆ గొడవలో కూడా పై కోర్టు తూచేది మాటనే. కాకపోతే అక్కడ కాగితం మీది మాట.

ఈసారి నెల్లూరు వెళ్దాం. తులశమ్మ గారి భర్త 1931లో పోయారు. ఉమ్మడి కుటుంబం. ఆస్తి భర్త సవతి సోదరుడి చేతిలో ఉంది. ఆవిడ 1944లో నెల్లూరు మున్సిఫ్ కోర్టులో మనోవర్తి కోసం దావా వేశారు. కోర్టు ఫీజు కట్టే స్తోమత లేదని పేదరాలిగా వేసిన దావా అది. డిక్రీ వచ్చింది. దాన్ని అమలు జరిపే దశలో 1949 జూలైలో రాజీ కుదిరింది. మనోవర్తి కింద కొంత ఆస్తి ఆవిడకి ఇచ్చారు. బతికినంత కాలం అనుభవించవచ్చు, అమ్మే హక్కు లేదు అన్నది షరతు.

1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చింది. అందులో 14వ సెక్షను రెండు ముక్కలు. మొదటి ముక్క: ఆడదాని స్వాధీనంలో ఉన్న ఆస్తి, ఈ చట్టానికి ముందు వచ్చినదైనా తరువాత వచ్చినదైనా, ఆమెకి సర్వహక్కులతో సొంతం. చదవగానే ఒళ్ళు పులకరిస్తుంది. రెండో ముక్క: అయితే దానంగానో, వీలునామాతోనో, డిక్రీతోనో, దస్తావేజుతోనో పరిమితమైన హక్కు అని రాసి ఇచ్చిన ఆస్తికి పై మాట వర్తించదు. కుడిచేత్తో పెట్టి ఎడంచేత్తో లాక్కున్నట్టు లేదూ?

తులశమ్మ గారు 1960లో కొంత ఆస్తి కౌలుకిచ్చారు, 1961లో కొంత అమ్మారు. వెంటనే దావా పడింది. ఇక్కణ్ణుంచి చూడండి తమాషా. మున్సిఫ్ కోర్టులో ఆవిడ ఓడిపోయారు. జిల్లా జడ్జి దగ్గర గెలిచారు. హైకోర్టులో ఓడిపోయారు. 1977 మార్చి 17న సుప్రీం కోర్టులో గెలిచారు. నాలుగు మెట్లు, రెండు అవును, రెండు కాదు. ఎవరు ఎప్పుడు ఏం చేశారన్నదాని మీద తగువు పెద్దగా లేదు. ఉన్న తగువల్లా ఆ ఒక్క కాగితానికి అర్థమేమిటన్నదే. పై కోర్టులకి ఎక్కేకొద్దీ జరిగిన కథ వెనకపడి, చట్టంలోని మాటకి అర్థమేమిటన్న ప్రశ్న ముందుకొస్తుంది.

సుప్రీం కోర్టు అడిగిన ప్రశ్న నిజానికి మన వంటింటి ప్రశ్నే. ఆ పొలం ఆవిడకి దయతో ఇచ్చారా, బాకీ తీర్చారా? దయతో, అంతకుముందు ఏ హక్కూ లేని మనిషికి కొత్తగా ఇచ్చినదైతే, ఇచ్చినవాడు పెట్టిన షరతు నిలుస్తుంది. కాని భర్త ఆస్తిలోంచి భార్య పోషణ పొందడం ఆ కాగితం రాసినవాళ్ళు పెట్టిన భిక్ష కాదు. పాత ధర్మశాస్త్రాల నాటినుంచీ ఉన్న హక్కు. ఆ కాగితం ఉన్న హక్కునే గుర్తించింది. అలాంటప్పుడు మొదటి ముక్కే వర్తిస్తుంది. షరతు ఎండుటాకులా రాలిపోతుంది. జస్టిస్ ఫజల్ అలీ పాత శాస్త్రాలన్నీ తిరగేసి విపులంగా రాశారు. పుణే కోడలి కేసులో ఉత్తరాల మీద రాసినవారూ ఈయనే. జస్టిస్ భగవతి అయితే ఈ సెక్షను రాసిన తీరు కక్షిదారుల్ని అంతులేని అయోమయంలో పడేసిందనీ, వకీళ్ళకి మాత్రం స్వర్గమైందనీ చురక వేశారు.

దావా వేసిన 1961 నుంచి లెక్కేస్తే పదహారేళ్ళు. మనోవర్తి అడిగిన 1944 నుంచి లెక్కేస్తే ముప్ఫై మూడేళ్ళు. ఎక్కడో నెల్లూరులో ఒక ఆవిడ అన్నేళ్ళు పంటి బిగువున నిలబడితే మనకేమిటి అనుకుంటున్నారా? నాకేమిటో చెబుతాను.

మా నాయనమ్మ చెల్లెల్ని నేను చినమామ్మ అనేదాన్ని. ఇరవయ్యొకటో ఏట భర్త పోయాడు. పిల్లలు లేరు. స్వాతంత్ర్యం రాకముందు మాట. పెద్దలు కూచుని, మరుదుల చేత మనోవర్తి కింద ఎకరంన్నర మాగాణి రాయించారు. 'జీవితాంతము అనుభవించుటకే గాని విక్రయాది హక్కులు లేవు' అని స్పష్టంగా ఉంది అందులో. చినమామ్మ ఆ కాగితాన్ని రేకు పెట్టెలో, పసుపు గుడ్డలో చుట్టి దాచుకుంది. చదువు రాదు, అయినా ఏ వరసలో ఏముందో వేలు పెట్టి చూపించేది.

1997లో నా ఇంటర్ అయింది. కాలేజీ చదువంటే ఊరు దాటాలి, హాస్టలు ఖర్చు. మా నాన్నగారు చెడ్డవారు కారు. "ఉన్నది ఇద్దరు మగపిల్లల చదువుకే చాలడం లేదు" అన్నారు. ఆ మాట మీద ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు. చినమామ్మ మాత్రం మర్నాడు మా అమ్మని పిలిచి, "ముప్ఫై సెంట్లు బేరం పెట్టాను" అంది.

వారం తిరక్కుండా ఆవిడ మరిది కొడుకు లాయరు చేత నోటీసు పంపించాడు. అమ్మడానికి నీకు హక్కెక్కడిది, దస్తావేజు చదువుకో అని దాని సారాంశం. డెబ్బై అయిదేళ్ళ ముసలావిడ రేకు పెట్టెలోని పసుపు గుడ్డ మూట పట్టుకుని బస్సెక్కి ప్లీడరు గారి దగ్గరికి వెళ్ళింది. తోడుగా నేను వెళ్ళాను. ఆయన చదివి, నవ్వి, "మీకు ముందే నెల్లూరు తులశమ్మ గారు పోట్లాడి పెట్టారండీ" అన్నారు. అప్పుడు నాకా పేరు ఎవరిదో తెలీదు. చినమామ్మ ఒకే ప్రశ్న వేసింది: "ఆవిడకి పిల్లలున్నారా?" తన పొలం సంగతి వదిలేసి ఆ ప్రశ్న ఎందుకేసిందో ఇప్పటికీ నాకు పూర్తిగా అంతు చిక్కదు. బహుశా తనలాగే ఒంటరి మనిషి అయి ఉంటుందని ఊహించుకుని ఉంటుంది.

ప్లీడరు గారు ఆ తీర్పు ఉదహరిస్తూ జవాబు పంపారు. అవతలి వాళ్ళ లాయరే వాళ్ళని వారించాడట. దావా పడలేదు. ముప్ఫై సెంట్లు అమ్ముడుపోయాయి. నా మూడేళ్ళ బి.ఏ. ఆ ముప్ఫై సెంట్ల మీద నడిచింది. పట్టా మీద యూనివర్శిటీ ముద్రే ఉంటుంది గాని, నా లెక్కలో దాని కింద ఇద్దరి వేలిముద్రలున్నాయి. ఒకరు చినమామ్మ. రెండో ఆవిడ, నేనెన్నడూ చూడని నెల్లూరు మనిషి.

అప్పీలు కోర్టు తీర్పుకున్న మహిమ అదే. గెలిచినవారొకరు, దాని నీడన కూచునేవారు వందలమంది. కోర్టు గుమ్మం తొక్కకుండానే గెలిచినవాళ్ళ లెక్క ఏ రిపోర్టులోనూ ఉండదు.

అలాగని పై కోర్టు మాట శిలాశాసనం అనుకోకండి. తనని తానే దిద్దుకుంటుంది. 2005 సవరణతో దేశమంతటా కూతుళ్ళకి ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా పుట్టుకతోనే హక్కు వచ్చిందా? 2015లో సుప్రీం కోర్టు ఆ సవరణ వచ్చిన 2005 సెప్టెంబరు 9 నాటికి తండ్రి బతికి ఉండాలంది. 2020 ఆగస్టు 11న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం, తండ్రి బతికి ఉండనక్కరలేదు, హక్కు పుట్టుకతో వచ్చినది కదా అంది. ఈ రెండింటి మధ్య అయిదేళ్ళలో ఎందరు ఆడపిల్లలు "మీ నాన్న ముందే పోయాడుగా" అన్న మాటకి తల వంచి ఊరుకున్నారో! తులశమ్మ గారి 14వ సెక్షను సంగతి కూడా అంతే. ఆ తరువాత వచ్చిన తీర్పులు అన్నీ ఒక్క తాటి మీద లేవని, 2024 డిసెంబరులో సుప్రీం కోర్టు ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ఈ ప్రశ్నని పెద్ద ధర్మాసనానికి పంపింది. కనుక "ఎప్పుడో గెలిచేశాంగా" అని నిశ్చింతగా కూచోడానికి లేదు.

నేను లాయర్ని కాను. సలహాలు చెప్పడానికి మీ ఊళ్ళో మంచి ప్లీడర్లున్నారు. అయితే ఈ కాగితాల కట్టలన్నీ చదివాక నాకు ఒకటి మాత్రం గట్టిగా తోచింది. పై కోర్టుకి చేరేది కింద మనం పలికిన మాట, మనం దాచిన కాగితం. నూకరాజు భార్య పలికింది. చినమామ్మ దాచింది. మనకేమో రెండూ చేతకాని పనులని చిన్నప్పటినుంచీ నూరిపోశారు. ఆడవాళ్ళు కోర్టు మాటలు మాట్లాడకూడదు, దస్తావేజులు మగవాళ్ళ బీరువాలో ఉండాలి!

మనం నోరు విప్పి అడగనిది, చదవకుండా సంతకం పెట్టినది, మళ్ళీ ఏ పై కోర్టుకి వెళ్ళినా తిరిగి రావడం కష్టం. ఆస్తి హక్కు విడుదల దస్తావేజులన్నీ పుట్టేది కోర్టుల్లో కాదు, పండగల్లో. కాళ్ళకి పసుపు రాసి, పట్టుచీర పెట్టి, "ఏముందమ్మా, ఊరికే ఒక సంతకం" అంటారు. అన్నదమ్ముల ప్రేమ అబద్ధమని నేననను. ప్రేమా నిజమే, కాగితమూ నిజమే.

అందుకని, ఈ సంక్రాంతికి పుట్టింటికి వెళ్ళినప్పుడు చీరతోపాటు కాగితం కూడా వస్తే, చీర కట్టుకోండి. కాగితాన్ని మాత్రం ఒక రాత్రి మీ దగ్గరే ఉంచుకుని చదవండి.